ఆకు వాకిలిని తెరచు పొటాసియము

మొక్క ఆహారము తయారుచేసికొనవలెనన్న గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఆకు లోనికి రావలెను. ఆకుపైన మైనమువంటి పూత ఉండుటచే ఆ వాయువు ముఖ్యముగా పత్రరంధ్రముల గుండానే ప్రవేశించును. కాని తెరచిన వాకిలి ఒక్క ప్రక్కకే పనిచేయదు గదా! ఒక బొగ్గుపులుసు వాయు అణువు లోనికి వచ్చునంతలో సాధారణముగా వందలకొలది నీటి అణువులు ఆవిరియై వెలుపలికి పోవును. వాకిలి మూసిన ఆకలి, తెరచిన దాహము. నేలలో తేమ తగ్గిన దినములలో ఈ చిక్కును మొక్క కొద్ది నిమిషములలోనే పరిష్కరించుకొనవలసి యుండును.

ప్రతి రంధ్రమునకు ఇరుప్రక్కల రెండు రక్షక కణములు గలవు. అవి నీటితో ఉబ్బినపుడు విల్లువలె వంగి నడుమ సందు ఏర్పడును; నీరు కోల్పోయి సడలినపుడు సందు మూసికొనును. ఇది పాఠ్యపుస్తకములలో ఉన్నదే. ఆ నీరు ఎందుకు వచ్చుచున్నది, ఎందుకు పోవుచున్నది అన్నదే అసలు ప్రశ్న.

వెలుతురులో రక్షక కణములలోని పిండిపదార్థము చక్కెరగా మారి, ద్రవాభిసరణముచే నీటిని లాగుకొనునని చాలకాలము బోధించిరి. అందులో కొంత నిజము లేకపోలేదు. అయితే 1943లో జపాను శాస్త్రజ్ఞుడు ఇమామురా, రంధ్రములు తెరచియున్నపుడు ఈ కణములలో పొటాసియము హెచ్చుట గమనించెను. 1968లో ఫిషర్ అను శాస్త్రజ్ఞుడు చిక్కుడు కుటుంబమునకు చెందిన విసియా ఫాబా ఆకులపై ప్రయోగములు చేసి, రంధ్రము తెరచుకొనుటలో పొటాసియము పాత్రను స్పష్టపరచెను.

పొటాసియము అయాను ధనావేశము గలది. కణమును చుట్టియున్న పొర క్రొవ్వు పదార్థముతో నిర్మితము. అయానులు దానిని తమంత తాము దాటలేవు. పొరలో అక్కడక్కడ గ్రుచ్చుకొనియున్న ప్రోటీనులే వానికి త్రోవ. వీనినే అయాను చానెళ్ళు అందురు. ఇవి సదా తెరచియుండు రంధ్రములు కావు, తలుపులు గలవి. రక్షక కణములో పొటాసియమునకు రెండు విధముల చానెళ్ళు గలవు. ఒకటి లోనికి రానిచ్చును, రెండవది బయటికి పోనిచ్చును. రెండును ఒకేమారు తెరచుకొన్నచో శ్రమ యంతయు వృథా యగును. అట్లు జరుగకుండ కాపాడునది పొరకు ఇరువైపుల నుండు విద్యుత్పీడన భేదము.

తెల్లవారగానే ఎండలోని నీలికాంతి సోకి, పొరలోని ప్రోటాను పంపులు శక్తిని వెచ్చించి హైడ్రోజను అయానులను బయటికి నెట్టును. దానితో కణము లోపలి భాగము మరింత ఋణావేశము పొందును. ఈ భేదము సుమారు 100 మిల్లీవోల్టులను మించినపుడు లోనికి రానిచ్చు చానెళ్ళు తెరచుకొనును. పంపు పొటాసియమును తాకనైన తాకదు. ఋణావేశమునకు ఆకర్షింపబడి అదియే లోనికి వచ్చును, దాని వెంట నీరు వచ్చును.

మూయుట ఇంకను చమత్కారమైనది. నేల ఎండినపుడు మొక్కలో అబ్సిసిక్ ఆమ్లము అను హార్మోను హెచ్చును. పొటాసియమును వెళ్ళగొట్టుట దాని మొదటి పని యని ఎవరైనను ఊహింతురు. కాని మొదట తెరచుకొనునవి క్లోరైడు, మాలేట్ వంటి ఋణ అయానుల చానెళ్ళు! అవి వెలికిపోగానే లోపలి ఋణావేశము తగ్గును. అప్పుడు పొటాసియమును రానిచ్చు తలుపులు మూతపడి, పోనిచ్చు తలుపులు తెరచుకొనును. పొటాసియము వెడలును, నీరు వెడలును, రంధ్రము మూసికొనును. ఈ ఋణ అయానుల చానెళ్ళలో ముఖ్యమైన ‘స్లాక్–1’ను 2008లో అరాబిడాప్సిస్ అను చిన్న మొక్కలో గుర్తించిరి. అది లోపించిన మొక్కలలో రంధ్రములు సరిగా మూసికొనలేకపోయినవి.

ఇంత సూక్ష్మమైన తలుపులు తెరచుకొనుట ఎట్లు తెలిసినది? 1976లో జర్మనీలో నేహెర్, సాక్‌మన్ అనువారు అతిసన్నని గాజు నాళికను కప్ప కండరపు పొరకు ఆనించి, ఒక్కొక్క చానెల్ గుండా పారు విద్యుత్తును కొలిచిరి. వారికి 1991లో నోబెల్ బహుమతి లభించెను. మొక్కల కణములకు గోడ అడ్డము గనుక, దానిని ఎంజైములతో కరగించి, 1984లో ష్రోడర్, హెడ్రిక్, ఫెర్నాండెజ్ అనువారు విసియా ఫాబా రక్షక కణములపై ఈ పద్ధతినే ప్రయోగించి పొటాసియము చానెళ్ళను చూపిరి. కొలిచిన విద్యుత్తు ఆంపియరులో లక్షకోట్లవ వంతుల లెక్కకు చెందినది. ఒక అయాను ఆవేశము 1.6×10⁻¹⁹ కూలుంబులు, క్షణమునకు కోటి అయానులు దాటినచో ఎంత విద్యుత్తో విద్యార్థులే గుణించి చూడవచ్చును.

ఈ విషయమును తరగతిలోను చూపవచ్చును. తేమ నేలలలో నీలిపూలు పూచు కొమ్మెలీనా అను కలుపు మొక్క ఆకును కొంతసేపు చీకటిలో ఉంచి, అడుగువైపు పలుచని పొరను ఒలిచి, ఒక ముక్కను స్వేదనజలములోను, మరొకదానిని లీటరుకు సుమారు 4 గ్రాముల పొటాసియం క్లోరైడు కలిపిన స్వేదనజలములోను వేసి, రెండు మూడు గంటలు వెలుతురులో ఉంచవలెను. సూక్ష్మదర్శినిలో చూచినపుడు రెండవదాని రంధ్రములు ఎక్కువ వెడల్పుగా కనిపించును. కుళాయి నీరు పనికిరాదు. అందలి కాల్షియము రంధ్రములు తెరచుకొనుటకు అడ్డు తగులును.