బెండ్ పైపు ఎర్రబడితే

నిర్మల్ దాటి ఆదిలాబాద్ దిక్కు పోతుంటే మహబూబ్ ఘాట్ వస్తుంది. ఏప్రిల్ నెల, పొద్దుగూకే వేళ. వెనక సీటు మీద మా బావ, ట్యాంకు మీద సంచి, రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతున్న నా పాత కార్బురేటర్ బండి. ఒక మలుపులో ఆపి నీళ్లు తాగుతూ కిందికి చూశాను. ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు వంగే బెండ్ పైపు మసక ఎరుపులో కనబడుతోంది, కమ్మరి కొలిమిలో మరిచిపోయిన కడ్డీలాగా.

ఆ ఎరుపును థర్మామీటరులా చదవొచ్చు. ఇనుమైనా రాయైనా, ఘనపదార్థం ఏదైనా చీకట్లో కంటికి ఆనేలా వెలగడం మొదలయ్యేది దాదాపు 525 డిగ్రీల సెల్సియస్ దగ్గరేనని 1847లో జాన్ విలియం డ్రేపర్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. అంటే నా పిక్కకు జానెడు దూరంలో 500 డిగ్రీలు దాటిన ఇనుము ఉందన్నమాట.

"ఏం ఎండలురా ఇవి, బండి కూడా ఓర్చుకుంట లేదు" అన్నాడు బావ. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్‌లలో వేసవికి 45 డిగ్రీలు మామూలు కాబట్టి మా దిక్కు ఏది చెడినా పాపం ఎండ నెత్తినే పడుతుంది. లెక్క వేస్తే ఎండ సంగతి వేరే. పైపు 325 డిగ్రీల వేడి మీద ఉందనుకోండి. చలికాలం 25 డిగ్రీల గాలికి, దానికి తేడా 300. నడి వేసవిలో 280. చల్లబడే వేగం తగ్గేది ఏడు శాతం దాకా, అంతే. పైగా వేడెక్కిన గాలి పలచబడుతుంది. కార్బురేటర్ బండికి పెట్రోల్ పాలు కాస్త పెరిగి, ఇంజన్ వేడికి అది కొంచెం మేలే. బండిని నిజంగా ఉడికించేది ఘాట్ ఎక్కుడు. బరువేమో పూర్తిగా ఉంటుంది, వేగం ఉండదు, ఇంజన్ రెక్కలకు తగలాల్సిన గాలి తగలదు.

అసలు మోటార్‌సైకిల్ పుట్టుకే కాలుడుతో మొదలైంది. 1885లో జర్మనీలో గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి కట్టెతో చట్రం చేసి, సీటు కిందే ఇంజన్ బిగించారు. నిప్పు మీద కాగే ఒక గొట్టం పెట్రోల్ ఆవిరిని అంటించేది. డైమ్లర్ కొడుకు పాల్ దాన్ని కాన్‌స్టాట్ నుంచి నడుపుకుంటూ పోతుంటే సీటు అంటుకుందని చెబుతారు. మా బావకు ఈ కథ అక్కడ చెప్పలేదు. చెబితే దిగి నడిచేవాడే.

శబ్దం సంగతి పట్టించుకున్నవాళ్లు ఆ తర్వాత వచ్చారు. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు రీవ్స్ సోదరులు 1897లో ఇంజన్ పొగగొట్టానికి మఫ్లర్ పేటెంట్ తీసుకున్నారు. మనం సైలెన్సర్ అంటున్నది దాన్నే. పొగ వాల్వు తెరుచుకునేటప్పటికి సిలిండర్లో వాయువు ఇంకా బలమైన ఒత్తిడిలోనే ఉంటుంది. ఒక్కసారిగా బయటపడితే తుపాకి పేలినట్టే. సైలెన్సర్ లోపల అరలుంటాయి, చిల్లుల గొట్టాలుంటాయి. శబ్ద తరంగం గోడకు కొట్టుకుని తిరిగొచ్చి, వెనక వచ్చే తరంగాన్ని ఢీకొని రెండూ సొమ్మసిల్లుతాయి. చప్పుడు తగ్గుతుంది గానీ వేడి అణగదు. పెట్రోల్ ఇచ్చే శక్తిలో దాదాపు మూడో వంతు ఈ గొట్టం గుండానే బయటికి పోతుంది.

కరీంనగర్‌లో రాజ్‌దూత్ బండ్లు తిరిగిన రోజుల్లో రోగం వేరే ఉండేది. టూ స్ట్రోక్ బండిలో పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా కాలుతుంది. ఆ జిడ్డు మసి సైలెన్సర్ అరల్లో పేరుకుంటే పొగకు దారి మూసుకుపోతుంది. బయటికి పోలేని వేడి పొగ సిలిండర్లోనే మిగిలిపోయి బండి బరువెక్కుతుంది. మందు "కాల్పించుకోవడం": లోపలి గొట్టం ఊడదీసి మంటలో పెడితే మసి ఎర్రగా కాలి రాలిపోయేది. ఫోర్ స్ట్రోక్‌లు వచ్చాక ఆ మంటలు చూడలేదు.

నా బండి ఫోర్ స్ట్రోకే. ఘాట్ దాటాక ఇచ్చోడలో మెకానిక్ దగ్గర ఎండ సంగతి ఎత్తగానే నవ్వాడు. "ఎండ మీద వెయ్యకు సార్. బండి దొంగగాలి గుంజుతున్నది." ముందు ప్లగ్ ఊడదీసి చూపించాడు. బిస్కెట్ రంగు ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కార్బురేటర్‌కు, ఇంజన్‌కు మధ్య రబ్బరు ముక్క పాతబడి వెంట్రుకంత పగిలింది.

ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి చాలు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్‌కు అంతకంటే కాస్త ఎక్కువ పెట్రోలే ఇస్తారు. ఆ అదనపు పెట్రోల్ ఆవిరవుతూ లోపలి వేడిని కొంత లాగేస్తుంది. పగులు గుండా దొంగగాలి దూరితే ఆ చల్లదనం పోతుంది. పెట్రోల్ పాలు ఇంకా తగ్గితే మంట నెమ్మదిస్తుంది. పిస్టన్‌ను నెట్టి ముగియాల్సిన మంట, వాల్వు తెరుచుకునే వేళకూ కాలుతూనే ఉండి పైపులోకి పాకుతుంది. నిప్పురవ్వ ఆలస్యంగా పడ్డా ఇదే తంతు. పొగ వాల్వు ట్యాపెట్ మరీ బిగుతుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, దాని అంచు మాడుతుంది. పైపు మొదట్లో ప్యాకింగ్ పోతే పటపటలు వినబడతాయి, అతుకు చుట్టూ నల్లమసి చార పడుతుంది. సైలెన్సర్ మార్చినా ఇవేవీ పోవు. రోగం పైన ఉంటే పైపు ఎన్నిసార్లు మార్చి ఏం లాభం?

అతను పైపు మీద వేలితో చూపించిన రంగులే నాకు ఎక్కువ గుర్తున్నాయి. ఇంజన్ మొదట్లో నీలం, కిందికి వస్తుంటే ఊదా, ఆపైన గడ్డి పసుపు. వేడికి లోహం మీద కంటికి ఆనని ఆక్సైడ్ పొర పెరుగుతుంది. పొర మందాన్ని బట్టి కాంతి రంగు మారుతుంది, వాననీళ్ల మీద నూనె తేలినట్టు. మెరుగుపెట్టిన ఉక్కు మీదైతే గడ్డి పసుపు 220 డిగ్రీల దరిదాపుల్లో, నీలం 300 దగ్గర వస్తాయి. క్రోమ్ పూతకు ఇంకా ఎక్కువ వేడి కావాలి. ఈ రంగులు చూసే మన కమ్మర్లు కొడవలికి పదును పెట్టారు. గోదావరికి ఇవతల కోనసముద్రంలో మూసల్లో ఉక్కు వండిన నేల ఇది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడికి పోయిన బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ, ఆ ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారిని చూశాడు. ఇచ్చోడ మెకానిక్‌కు కోనసముద్రం పేరు తెలియకపోవచ్చు, చూపు మాత్రం ఆ కమ్మర్లదే.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో ఈ చూపుకు పని కొంత తగ్గింది. పెట్రోల్ పాలు కంప్యూటర్ చూసుకుంటుంది. పైపులో తేనెపట్టులాంటి క్యాటలిటిక్ కన్వర్టర్ కూర్చుంది. అది పనిచేయాలంటేనే 250, 300 డిగ్రీలు కావాలి కాబట్టి సైలెన్సర్ వేడిగా ఉండటం అక్కడ రోగం కిందికి రాదు. కానీ ప్లగ్ సరిగ్గా కొట్టక కాలని పెట్రోల్ లోపలికి పోతే అది ఆ తేనెపట్టులోనే అంటుకుంటుంది, చివరికి దాన్నే కరిగిస్తుంది. అలాంటి బండిని పత్తికట్టె మీదో ఎండు గడ్డి మీదో నిలపొద్దు. పిక్క కాలితే పేస్టు పూయకండి, ఇరవై నిమిషాలు పారే నీళ్ల కింద పెట్టండి.

ఇచ్చోడలో రబ్బరు మార్చాడు, ట్యాపెట్ సరిచేశాడు. నెల తిరిగాక, అదే బావతో, అదే ఘాట్ ఎక్కాను. అదే మలుపు దగ్గర ఆగేసరికి చీకటి పడింది. వంగి చూశాను. బెండ్ పైపు కనబడలేదు.