నేరేడు పండు తిన్న నాలుకకి వైన్ కొత్తేం కాదు

నాసిక్ దగ్గర ఒక వైనరీ. టేస్టింగ్ గదిలో పొడవాటి బల్ల చుట్టూ ఎనిమిది మందిమి. హైదరాబాద్ నుంచి వెళ్లిన మేం నలుగురం, ముంబై వాళ్లు నలుగురు. గ్లాసు అడుగున కొంచెమే ఎర్ర వైన్ పోసి, పోసినాయన అడిగాడు: "చెప్పండి, ఏం తెలుస్తోంది?"

ముంబై కుర్రాడు తడుముకోకుండా "బ్లాక్ కరెంట్, సీడర్, కాస్త లెదర్" అనేశాడు. మేం నలుగురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. నేనైతే "ఫ్రూటీ" అని గొణిగి ఊరుకున్నా. మాతో వచ్చిన అమ్మాయి నా చెవిలో చెప్పింది: "నేరేడు పండు తిన్నట్టు నాలుక పట్టేసిందిరా." కిసుక్కున నవ్వా. పోసినాయన చూశాడు. ఏంటో పైకి చెప్పమన్నాడు. తను సిగ్గుపడుతూనే "జామున్" అంది.

"జామున్ రుచా? జామున్ తిన్నాక నోరు అయ్యే తీరా?"

"రెండూనూ."

"అయితే మీకు రెడ్ వైన్ సగం వచ్చేసినట్టే" అన్నాడాయన, మర్యాదకి అన్నట్టు కాకుండా.

తర్వాత కాఫీ దగ్గర ముంబై కుర్రాడితో మాటలు కలిశాయి. బ్లాక్ కరెంట్ పండు ఎప్పుడైనా తిన్నావా అని అడిగితే వాడూ నవ్వేశాడు. ఐస్‌క్రీమ్ తిన్నాడట. పండు ఎలా ఉంటుందో చూడనే లేదు.

అసలు వైన్ విషయంలో మనకి బెరుకు ఎక్కువ. మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు ఉన్న షాపులో వైన్ తప్ప అన్నీ అమ్ముడుపోతాయి. ఆఫీసు పార్టీలోనో, పెళ్లి రిసెప్షన్‌లోనో చేతికి గ్లాసొస్తే, పక్కవాడు తిప్పుతున్నాడని మనమూ తిప్పుతాం. ఏం చెప్పాలో తెలీక "స్మూత్" అంటాం. నిజానికి చెప్పడానికి కావాల్సిన మాటలు మన దగ్గరే ఉన్నాయి. కొన్నిచోట్ల ఇంగ్లిష్ వాళ్ల కంటే ఒకటి ఎక్కువే ఉంది.

వగరు అనే మాట

వైన్ నేర్చుకునే విదేశీయులు మొదట తడబడేది చేదు దగ్గర. రెడ్ వైన్ తాగగానే చిగుళ్లు బిగుసుకుని, నాలుక గరుకెక్కితే దాన్ని చాలామంది చేదు అనేస్తారు. అది చేదు కాదని వాళ్లకి పాఠం చెప్పాలి. మనకి అక్కర్లేదు. ఉగాది పచ్చడిలో వేప పువ్వుది చేదు, మామిడి పిందెది వగరు అని చిన్నప్పుడే తెలుసు. జామ పిందె కొరికినా, పచ్చి అరటికాయ నాలుక్కి తగిలినా, వక్క నమిలినా అయ్యేది అదే.

ఆ వగరుకి కారణం టానిన్లు. ఇవి ద్రాక్ష తొక్కలో, గింజల్లో, కాడల్లో ఉంటాయి. మన లాలాజలంలో ఉండే ప్రొటీన్లకి ఇవి అతుక్కుపోతాయి. నోట్లో ఉండాల్సిన జారుడు కాసేపు పోతుంది. టానిన్ అన్న పేరు వచ్చిందే తోళ్లు పదును చేసే పని నుంచి. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు ఉంది కదా, దాని బెరడుని తోళ్ల పనికి వాడేవాళ్లు. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచేది కూడా కరక్కాయలో ఈ టానిన్లు ఉంటాయనే. రంగు బట్టకి పట్టాలంటే వగరు కావాలి.

రెడ్‌కీ వైట్‌కీ అసలు తేడా వచ్చేది ఇక్కడే. నల్ల ద్రాక్షని పిండినా చాలా రకాల్లో రసం దాదాపు తెల్లగానే వస్తుంది. రంగంతా తొక్కలో ఉంటుంది. రెడ్ వైన్‌ని తొక్కలతో, గింజలతో కలిపే పులియబెడతారు కాబట్టి రంగూ వగరూ రెండూ దిగుతాయి. వైట్‌కి ముందే పిండేసి రసాన్ని మాత్రం పులియబెడతారు. అందుకే వైట్‌లో వగరు దాదాపు ఉండదు. నల్ల ద్రాక్షతో కూడా వైట్ వైన్ చేయొచ్చు. షాంపేన్‌లో వాడే పినో న్వార్ నల్ల ద్రాక్షే.

వగరు లేకపోతే వైట్‌ని నిలబెట్టేది ఏంటి? పులుపు. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. చింతపండు పులుపు కూడా ప్రధానంగా దాని వల్లే. నిమ్మకాయది వేరు, సిట్రిక్. అంటే మన పులుసు పులుపూ, సోవిన్యాన్ బ్లాంక్ పులుపూ ఒకే ఇంటివి. వైట్ ఒక గుటక నోట్లో తిప్పి, తల కాస్త వంచి చూడండి. దవడల పక్క నుంచి నీళ్లూరితే పులుపు బాగా ఉన్నట్టు. చింతచిగురు తలచుకుంటే ఊరినట్టే. ఆ పులుపు లేని వైట్ చప్పగా, నిన్నటి చెరుకు రసంలా ఉంటుంది.

ఇంకో చిన్న చిక్కు ‘డ్రై’ అనే మాట. డ్రై వైన్ అంటే నోరు ఎండగొట్టేది అనుకుంటారు. కాదు, తీపి మిగలని వైన్ అని అర్థం. ద్రాక్షలోని చక్కెరంతా ఆల్కహాల్‌గా మారిపోయిందన్నమాట. నోరు ఎండగొట్టేది వగరు. పండు వాసన వచ్చినంత మాత్రాన వైన్ తియ్యగా ఉన్నట్టూ కాదు. మామిడి కాయ వాసనలో తీపి ఉంటుందా?

ముక్కు పని

నాలుక చెప్పేది కొంచెమే. మిగతాదంతా ముక్కే. అనుమానం ఉంటే ముక్కు గట్టిగా మూసుకుని యాలకుల చాక్లెట్ నోట్లో వేసుకోండి. తీపి తప్ప ఏమీ తెలీదు. ముక్కు వదలగానే యాలకులు వచ్చేస్తాయి. గ్లాసు తిప్పేది కూడా స్టైల్‌కి కాదు, వాసన పైకి లేవడానికి.

వైన్‌లో మిరియాలు, కొబ్బరి, క్యాప్సికం వాసనలున్నాయి అంటే కవిత్వం అనుకుంటాం. వాటిలో చాలావాటికి రసాయనం దొరికింది. క్యాబర్నే సోవిన్యాన్‌లో అప్పుడప్పుడు వచ్చే పచ్చి వాసనకి కారణమైన పైరజీన్ క్యాప్సికంలోనూ ఉంది. షిరాజ్‌లో మిరియాల వాసనకి కారణం రోటండోన్ అని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు. మిరియాల్లో ఉండేదీ అదే. ఓక్ పీపాల్లో, ముఖ్యంగా అమెరికన్ ఓక్‌లో, నిల్వ చేసిన వైన్‌లో కొబ్బరి, వెనిలా తగులుతాయి. అవి ద్రాక్షవి కావు, చెక్కవి. షార్డనేలో వెన్న వాసన బ్యాక్టీరియా పని.

కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌లో పనిచేసిన ఆన్ నోబుల్ 1984లో ఈ వాసనలన్నిటినీ ఒక చక్రంలో పెట్టారు. మధ్యలో ‘పండు’, ‘మసాలా’ లాంటి పెద్ద మాటలు, అంచుకి వెళ్లేకొద్దీ ఏ పండు, ఏ మసాలా అన్నది. "సొగసుగా ఉంది", "హుందాగా ఉంది" లాంటి మాటలకి అందులో చోటివ్వలేదు. ముక్కుతో పోల్చి చూసుకోగలిగిన మాటలే ఉండాలన్నది ఆవిడ పట్టు. నాకు ఆ పట్టుదల నచ్చింది. కానీ చక్రం కాలిఫోర్నియాది. అందులోని బ్లాక్‌బెర్రీ మన సంతలో దొరకదు. టేస్టింగ్ కాగితాల్లో కనిపించే గూస్‌బెర్రీని మన ఉసిరికాయ అనుకుంటే పప్పులో కాలేసినట్టే, అది వేరే పండు. సోవిన్యాన్ బ్లాంక్ వాసన చూసి మీకు దోర జామపండు గుర్తొస్తే జామపండు అనే రాసుకోండి. ఎవరి చిన్నతనమో అరువు తెచ్చుకోవడం ఎందుకు?

అలాగని ముక్కుని గుడ్డిగా నమ్మితే అదీ మోసం చేస్తుంది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఫ్రెడరిక్ బ్రోషే, మరో ఇద్దరు పరిశోధకులు వైన్ చదువుకుంటున్న 54 మందితో ఒక పరీక్ష చేశారు. ముందు ఒక వైట్, ఒక రెడ్ ఇచ్చి వాసనలు రాయించారు. తర్వాత ఇంకోసారి అదే వైట్‌ని రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో వాసన లేని ఎర్ర రంగు కలిపారు. రంగు కలిపిన గ్లాసుకి వాళ్లు రాసినవి ఎక్కువగా రెడ్ వైన్ మాటలే! 2001లో ఇది అచ్చయింది. అప్పట్నుంచి "వైన్ ఎక్స్‌పర్టులంతా దొంగలు" అని దీన్ని పట్టుకుని ఆడుకుంటున్నారు. నాకు అలా అనిపించదు. కన్ను ముందు చెప్పేస్తే ముక్కు తలూపుతుంది, అది మనిషి తీరు. పక్కవాడు ‘లెదర్’ అనగానే నాకూ చెప్పుల షాపు వాసన వచ్చింది కదా! అందుకే ఒక్కటే జాగ్రత్త: ఎవరూ నోరు విప్పకముందే మీ మాట ఫోన్‌లో రాసేసుకోండి. సీసా మీద లేబుల్, ధర చూడకముందు ఇంకా మంచిది.

ఇంట్లో రిహార్సల్

దీనికి వైన్ కూడా అక్కర్లేదు, తాగనివాళ్లూ చేయొచ్చు. ఒక కప్పులో పాలూ చక్కెరా లేకుండా బాగా నానిన టీ డికాక్షన్. ఇంకో కప్పులో పల్చటి చింతపండు నీళ్లు. మొదటిది నోరు ఎండగొడుతుంది, రెండోది నీళ్లూరిస్తుంది. ఆ తేడా పట్టుకుంటే చాలు. ఇప్పుడు డికాక్షన్‌లో రెండు చెంచాల పాలు పోసి మళ్లీ చప్పరించండి. వగరు తగ్గుతుంది. టానిన్లకి అతుక్కోవడానికి పాల ప్రొటీన్లు దొరికాయి, మీ నాలుక బతికిపోయింది. రెడ్ వైన్ పక్కన చీజ్ పెట్టడంలో ఉన్న కిటుకుల్లో ఇదీ ఒకటి.

మన తిండితో మాత్రం చూసుకోవాలి. గుంటూరు కారం మీద వగరు ఎక్కువున్న రెడ్ పడితే మంట ఇంకా రేగుతుంది. కొంచెం తీపి మిగిలిన చల్లటి షెనిన్ బ్లాంక్ నయం. నాసిక్‌లో అది బాగానే పండుతుంది. ఇంకోటి, రెడ్‌ని ‘రూమ్ టెంపరేచర్’లో తాగాలని సీసా మీద చదివి మే నెలలో హైదరాబాద్‌లో అలాగే పోసుకోకండి. ఆ మాట చలిదేశాల పాత ఇళ్లని చూసి చెప్పింది. 16-18 డిగ్రీలు అని అర్థం. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. మరీ చల్లబరిస్తే వగరు రెచ్చిపోతుంది. మరీ వేడెక్కితే ఆల్కహాల్ ఘాటు ముక్కులో గుచ్చుతుంది.

నాలుగైదు రకాలు చూసేటప్పుడు ఉమ్మేయడానికి సిగ్గుపడొద్దు. నాసిక్‌లో బల్ల మీద అందుకే గిన్నె పెట్టారు. మేం మొదట దాన్ని ఐస్ గిన్నె అనుకున్నాం.

నెల తర్వాత మేం నలుగురం మళ్లీ కలిశాం, మా ఇంట్లో. ఒక షిరాజ్ సీసాకి పాత న్యూస్ పేపర్ చుట్టి పోశా. మాట్లాడుకోకుండా ఎవరి ఫోన్‌లో వాళ్లు రాసుకోవాలని రూల్. ఇద్దరు ‘మిరియాలు’ అని రాశారు. నేరేడు అమ్మాయి ‘అమ్మమ్మ చారుపొడి డబ్బా’ అని రాసింది. నాలుగోవాడి స్క్రీన్ మీద మిరియాల ఊసే లేదు, ‘అల్లనేరేడు, వగరు, గట్టి మజ్జిగంత బరువు’ అని ఉంది. వాడు తెగ చిన్నబుచ్చుకున్నాడు. అప్పుడు వాడికి ఒక సంగతి చెప్పా. ఆస్ట్రేలియా వాళ్ల పరీక్షలో దాదాపు ఐదుగురిలో ఒకరికి రోటండోన్ వాసన ఎంత ఇచ్చినా తెలియలేదు. కొందరి ముక్కులు అంతే.

"మరి చారులో మిరియాలు నాకు తెలుస్తాయి కదా?" అన్నాడు.

తెలిసేది కారం కావొచ్చు, అది పైపరిన్ పని, వేరే సంగతి అన్నా. నమ్మలేదు. వంటింట్లోకి వెళ్లి నాలుగు మిరియాలు దంచి, అరచేతిలో పెట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"మీకేం వస్తోందో ముందు చెప్పండ్రా" అన్నాడు.

చెప్పలేదు. రూల్ రూలే.