తెల్లవారుజాము కల, నిద్ర లేచే వేళ

పోయిన మాఘమాసములో అలంపురం జోగులాంబ అమ్మవారి దర్శనమునకు వచ్చిన గద్వాల ఇల్లాలొకరు నా దగ్గర ఆగి, "అయ్యగారూ, తెల్లవారుజామున మా ఆయన పోయినట్టు కలొచ్చింది. ఆ వేళ కల నిజమైతదంటరు కదా!" అని కంటతడి పెట్టుకొన్నది. పదిహేను దినములుగా ఆమెకు అన్నము సహించుట లేదట.

ఆ నమ్మకము ఊరక పుట్టినది కాదు. తొలిజాము కలకు ఏడాదిలోగా, సూర్యోదయ వేళ కలకు పది దినములలోగా ఫలమని అగ్నిపురాణము చెప్పుచున్నది. అయితే చరకసంహితను కూడ చూడవలెను. ఇంద్రియస్థానములో చరకుడు కలలను ఏడు విధములుగా విభజించి, చూచినది, విన్నది, అనుభవించినది, కోరినది, ఊహించినది అను ఐదింటివలన పుట్టిన కలలు నిష్ఫలములన్నాడు. ఆమెను అడుగగా, నెల క్రిందట భర్తకు గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో ఉంచినారని తెలిసినది. "అమ్మా, నీవు కన్నులారా చూచిన భయమే కలగా వచ్చినది" అన్నాను.

మరి తెల్లవారుజామునే ఏల? నిద్రలో కనుగుడ్లు వడిగా కదలెడి దశ ఒకటి కలదని 1953లో అమెరికాలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు ప్రకటించినారు. స్పష్టమైన కలలు ఎక్కువగా ఆ దశలోనివే. నిద్ర సుమారు 90 నిమిషముల ఆవృత్తులుగా నడచును. తొలి ఆవృత్తులలో గాఢనిద్ర, చివరివానిలో ఈ స్వప్నదశ అధికము. తరచు ఆ దశలోనుండియే మెలకువ వచ్చును గనుక ఆ వేళ కల మనస్సున నిలుచును. తొలిజామునను కలలు కందుము, మరచిపోవుదుము, అంతే.

కొందరు వేకువనే చురుకుగా ఉందురు, కొందరికి రాత్రియే బుద్ధి వికసించును. శరీరములోని కాలగతిని నడపు యంత్రాంగమును కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చినారు. ఈ భేదములో పుట్టుకకు, వయస్సుకు పెద్ద పాలు కలదు. యౌవనమున నిద్రవేళ వెనుకకు జరుగును, వార్ధక్యమున ముందుకు వచ్చును. రాత్రి ప్రకృతి గలవాడు ఒంటిగంటకు పండుకొని నాలుగున్నరకు అలారముతో లేచినచో, తెగిపోవునది ముఖ్యముగా ఆ చివరి స్వప్నదశయే. పాఠము చెప్పిన కాలములో వేకువ వల్లెలో తూగిన పిల్లలను సోమరులని నేను ఎంతగానో తిట్టినాను. ఇప్పుడు మూడు గంటలకే మెలకువ వచ్చుచున్నది. అది నా నియమబలమని కొంతకాలము మురిసితిని. ముసలితనమని తరువాత తెలిసినది.

బ్రాహ్మీముహూర్తమున లేవుమని చెప్పిన వాగ్భటుడు సైతము ఆ మాట ఆరోగ్యవంతుని గురించియే అన్నాడు. ఆ ముహూర్తము సూర్యోదయమునకు 96 నిమిషములు ముందు మొదలై, 48 నిమిషములు ముందు ముగియును. ఏడాది పొడుగునా గడియారపు నాలుగు గంటలే అనుకొనుట పొరపాటు. మన గద్వాల ప్రాంతమున జనవరి చివర సూర్యోదయము సుమారు 6.50కి గనుక అది 5.15 ప్రాంతమున మొదలగును. జూన్ మొదట 4.10 ప్రాంతమున. చలికాలములో ఒక గంట అదనముగా నిద్రించుటకు శాస్త్రమే చోటిచ్చినది!

వేళ తప్పి సంధ్య వార్చువారికి ప్రాయశ్చిత్తముగా ఒక అర్ఘ్యము అధికముగా ఇమ్మన్నారే గాని, సంధ్యయే మానుమనలేదు. అర్ధరాత్రి దాక మగ్గము మీద ఉండు నేతగాడొకడు, సుప్రభాతమునకు రాలేకున్నానని నాతో బాధపడినాడు. సాయంకాలము రమ్మంటిని. ఇప్పుడు కోటలోని చెన్నకేశవస్వామి సన్నిధికి దీపాలవేళకు వచ్చుచున్నాడు.