ఆన్‌లైన్ ఫ్రీలాన్సింగ్ వేదికలు: సాంకేతిక నిపుణులు, క్లయింట్లు, న్యాయం

వ్యాససంగ్రహం:

సాఫ్ట్‌వేర్, వెబ్ రూపకల్పన వంటి పనులు చేసే స్వతంత్ర నిపుణులకూ, ఆ పనులు అప్పగించే క్లయింట్లకూ నడుమ ఆన్‌లైన్ వేదికలు మధ్యవర్తులుగా వ్యవహరిస్తున్నాయి. అప్‌వర్క్‌ను ప్రధాన ఉదాహరణగా తీసుకొని రుసుము, పరపతి, పర్యవేక్షణ అనే మూడు అంశాలలో అన్యాయం ఎలా ఏర్పడుతుందో వివరించడం, సవరణ మార్గాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫ్రీలాన్సర్, క్లయింటు, వేదిక, రుసుము, రేటింగ్, సామాజిక భద్రత.

1. ఉపోద్ఘాతం:

మార్కెట్ యార్డుకు ధాన్యం తెచ్చిన రైతుకు కమీషన్ ఎంతో తెలుస్తుంది. తరుగు పేరుతో కోత ఎందుకు పడిందో తరచుగా తెలియదు. ఆన్‌లైన్ శ్రమ విపణిలోనూ ఇటువంటి స్థితే కనిపిస్తుంది. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ కార్మికులున్నారు. 2029-30 నాటికి వీరి సంఖ్య 2.35 కోట్లకు చేరుతుందని అంచనా. అయితే మన చర్చలు ఎక్కువగా క్యాబ్ డ్రైవర్లు, డెలివరీ కార్మికుల చుట్టూ సాగుతున్నాయి. ఇంటి గదిలో కంప్యూటర్ ముందు కూర్చొని విదేశీ క్లయింటుకు పనిచేసే వ్యక్తి ఎవరి కంటా పడడు.

2. వేదిక అవసరం:

కొనేవారికీ అమ్మేవారికీ తెలిసిన సమాచారం సమానం కానప్పుడు విపణిలో నాణ్యత దెబ్బతింటుందని ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో నిరూపించారు. ఇక్కడ ఆ అసమానత రెండు వైపులా ఉంది. నిపుణుడు రాసిన కోడ్ నాణ్యత క్లయింటుకు వెంటనే తెలియదు. క్లయింటు డబ్బు చెల్లిస్తాడో లేదో నిపుణుడికి తెలియదు. సొమ్మును ముందుగా తనవద్ద నిలిపి ఉంచే ఎస్క్రో పద్ధతి, రేటింగులు ఈ లోటును తీర్చడానికే ఏర్పడ్డాయి. కాబట్టి వేదికను కేవలం దోపిడీదారుగా చూడటం సరికాదు. అది అమ్ముతున్నది నమ్మకం. ఆ నమ్మకానికి కట్టిన ధర న్యాయమైనదా అన్నదే ప్రశ్న.

3. రుసుము:

2016 నుంచి 2023 వరకు అప్‌వర్క్ ఒక్కో క్లయింటు నుంచి వచ్చే ఆదాయంలో తొలి 500 డాలర్లపై 20 శాతం, ఆపైన 10,000 డాలర్ల వరకు 10 శాతం, అది దాటితే 5 శాతం తీసుకునేది. 2023లో అందరికీ 10 శాతంగా నిర్ణయించింది. ఈ రెండు పద్ధతులనూ పోల్చితే 11,000 డాలర్ల వద్ద రుసుము సమానమవుతుంది. అంతకంటే తక్కువ సంపాదించినవారికి కొత్త పద్ధతి మేలు చేసింది. ఒకే క్లయింటుతో దీర్ఘకాలం పనిచేసినవారికి నష్టం కలిగించింది. ఉదాహరణకు 20,000 డాలర్లపై పాత రుసుము 1,550 డాలర్లు కాగా, కొత్త రుసుము 2,000 డాలర్లు. 2025లో కొత్త ఒప్పందాలకు 0 నుంచి 15 శాతం మధ్య మారే రుసుము వచ్చింది. రేటు ముందే కనిపిస్తుంది. కానీ ఆ పనికి ఆ రేటే ఎందుకో నిపుణుడు లెక్కకట్టి చూసుకోలేడు. పారదర్శకతకు అంకె చూపితే సరిపోదు, కారణం కూడా చెప్పాలి.

దీనికి తోడు పనికి దరఖాస్తు చేయడానికే ‘కనెక్ట్స్’ వెచ్చించాలి. పని దక్కేది ఒకరికి, ఖర్చు అందరికీ. ఈ భారం కొత్తవారిపైనే ఎక్కువగా పడుతుంది.

4. పరపతి:

ఆన్‌లైన్ విపణులలో రేటింగులు కాలక్రమేణా పెరుగుతూ పోవడాన్ని ఫిలిప్పాస్, హార్టన్, గోల్డెన్ అనే పరిశోధకులు ‘పరపతి ద్రవ్యోల్బణం’గా గుర్తించారు. తక్కువ రేటింగ్ ఎదుటివారి జీవనోపాధిని దెబ్బతీస్తుందన్న సంకోచంతో క్లయింట్లు ఉదారంగా మార్కులు వేస్తారు. అందరికీ అయిదు నక్షత్రాలు వచ్చినప్పుడు ఆ నక్షత్రాలు క్లయింటుకు ఏమీ చెప్పవు. నాలుగు వచ్చినవాడు మాత్రం వెనుకబడతాడు. అంటే ఒకే లోపం ఇద్దరికీ నష్టం చేస్తున్నది. పైగా సంవత్సరాల తరబడి సంపాదించుకున్న ఈ పరపతిని మరో వేదికకు తీసుకువెళ్ళే వీలు లేదు.

5. పర్యవేక్షణ:

గంటల లెక్కన చేసే పనిలో అప్‌వర్క్ ‘వర్క్ డైరీ’ ప్రతి పది నిమిషాల వ్యవధిలో ఒకసారి తెరచిత్రాన్ని తీస్తుంది. కీబోర్డు, మౌస్ కదలికలను లెక్కిస్తుంది. చెల్లింపు హామీకి ఇది ఆధారం, క్లయింటుకు సాక్ష్యం. అయితే దోషాన్ని వెదుకుతూ ఇతరులు రాసిన కోడ్‌ను చదివే సమయంలో వేళ్ళు కదలవు. ఆలోచన కదలికగా నమోదు కాదు. సాంకేతిక శ్రమ స్వభావాన్ని ఈ కొలమానం పట్టుకోలేకపోతున్నది.

6. చట్టాల స్థితి:

భారత సామాజిక భద్రతా స్మృతి-2020 గిగ్ కార్మికులను చట్టంలో తొలిసారి నిర్వచించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అగ్రిగేటర్లు వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రతా నిధికి చెల్లించాలని నిర్దేశించింది. ఇది సంక్షేమానికి సంబంధించినది. రుసుము, రేటింగ్, ఖాతా నిలిపివేత దీని పరిధిలోకి రాలేదు. ఐరోపా సమాఖ్య 2024 ఆదేశం మాత్రం యాంత్రిక నిర్ణయాలకు కారణం చెప్పాలనీ, ఖాతా నిలిపివేత వంటి నిర్ణయాలను మనుషులు పునఃపరిశీలించాలనీ కోరుతున్నది.

7. ముగింపు:

పై పరిశీలన ఆధారంగా ఈ సూచనలు చేయవచ్చు.

1. రుసుము నిర్ణయానికి ఆధారమైన అంశాలను వేదిక ప్రకటించాలి.
2. క్లయింటు ఎవరినీ నియమించకపోతే దరఖాస్తు ఖర్చును తిరిగి ఇవ్వాలి.
3. ఒకే నక్షత్రాల వరసకు బదులు గడువు, కోడ్ నాణ్యత, సంప్రదింపు అనే అంశాలను విడివిడిగా చూపాలి.
4. గంటల ఒప్పందంలో కదలికలతోపాటు పూర్తయిన పనిని కూడా చెల్లింపు హామీకి ఆధారంగా అంగీకరించాలి.
5. ఖాతాను నిలిపివేసే ముందు కారణం తెలిపి, వివరణకు అవకాశమివ్వాలి. వివాదాన్ని ఇరుపక్షాలకూ చెందని వ్యక్తి విచారించాలి.

వీటిలో ఏదీ క్లయింటుకు వ్యతిరేకం కాదు. నిజమైన సమాచారం, తిరుగులేని చెల్లింపు ఇద్దరికీ అవసరమే. మధ్యవర్తి తన లెక్కను బయటపెట్టినప్పుడే అతడు అమ్మే నమ్మకానికి విలువ ఉంటుంది.