మిగిలిన శావిగలు ఎందుకు బిరుసెక్కుతాయి?

చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల శావిగలు ఒత్తడం ఒక్క మనిషితో అయ్యే పని కాదు. నానిన బియ్యం రుబ్బి, పొయ్యి మీద గట్టిగా ఉడికించి, ముద్దలు చేసి మళ్లీ ఉడకబెట్టి, వేడి ఆరకముందే మరలో వేసి ఒత్తాలి. ఒకరు ముద్ద అందిస్తే ఇంకొకరు బలమంతా పెట్టి ఒత్తుతారు. ఇంత కష్టం ఇద్దరి కోసం ఎవరు పడతారు? పది మందికి సరిపడా చేస్తారు, కాబట్టి మిగులుతాయి. మొదటి పూట టెంకాయ పాలు, బెల్లంతోనో, నాటుకోడి పులుసుతోనో గడిచిపోతుంది. చిక్కంతా మర్నాటి పొద్దుటిదే.

రాత్రి మెత్తగా జారిన పోగులు తెల్లారేసరికి బిరుసెక్కి అట్టకడతాయి. తడి ఆరిపోయిందనుకుంటాం గానీ, గట్టిగా మూతపెట్టి చుక్క తేమ పోకుండా చూసినా ఇదే వరస. ఇది బియ్యంలోని స్టార్చ్ చేసే పని.

స్టార్చ్‌లో రెండు రకాల అణువులుంటాయి. అమైలోజ్ దాదాపు కొమ్మల్లేని పొడవాటి గొలుసు. అమైలోపెక్టిన్ గుబురుగా కొమ్మలేసినది. పచ్చి గింజలో ఇవి బిగుతుగా పేర్చుకుని ఉంటాయి. వరి రకాన్ని బట్టి సుమారు 55 నుంచి 79 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆ పేర్పు చెదిరి, నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. గోధుమలో ఉండే గ్లూటెన్ బియ్యంలో లేదు. పోగు తెగకుండా పట్టి ఉంచేది ఈ ఉడికిన స్టార్చే. చల్లారాక అమైలోజ్ గొలుసులు కొన్ని గంటల్లోనే ఒకదానికొకటి హత్తుకుంటాయి. అమైలోపెక్టిన్ నిదానస్తురాలు, రోజుల తరబడి సర్దుకుంటూనే ఉంటుంది. దీన్నే రెట్రోగ్రెడేషన్ అంటారు. అమైలోజ్ 25 శాతం దాటిన బియ్యంతో వండిన అన్నం చల్లారితే గట్టిపడేది ఇందుకే. ఫ్రిజ్‌లో, 4 డిగ్రీల దగ్గర, ఈ బిరుసు ఇంకా తొందరగా వస్తుంది.

తిరగవాతకు కావలసింది సరిగ్గా ఈ బిరుసే. అప్పుడే ఒత్తిన శావిగల్ని బాణలిలో వేసి కలిపితే ముద్దయిపోతాయి. నిన్నటివి చేత్తో మెల్లగా విడదీస్తే పోగుకు పోగు విడివడుతుంది. చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేగాక శావిగలు వేసి, నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి మూతపెట్టాలి. వేడి 60 డిగ్రీలు దాటేసరికి అమైలోపెక్టిన్ కట్లు చాలావరకు వదులై పోగు మెత్తబడుతుంది. అమైలోజ్ కట్లు విడాలంటే 120 డిగ్రీలు దాటాలి, మూత కింది ఆవిరేమో 100 దగ్గరే ఆగుతుంది. అందుకే నిన్నటి శావిగలు మెత్తనవుతాయి గానీ చితకవు. దించాక నిమ్మకాయ పిండితే పులిహోర. మదనపల్లె టమాటా చవగ్గా దొరికే రోజుల్లో ఎర్రగడ్డలతో మగ్గించి కలిపితే ఇంకో రుచి. నన్నడిగితే మొదటి పూట కంటే ఇదే మేలు.

హత్తుకుపోయిన ఆ స్టార్చ్‌లో కొంత భాగం చిన్నపేగులో అరగదు. 2015లో ఇండోనేషియా పరిశోధకులు తెల్లన్నంలో కొలిచి చూశారు. అప్పుడే వండినదాంట్లో 100 గ్రాములకు 0.64 గ్రాములున్న ఈ అరగని స్టార్చ్, ఫ్రిజ్‌లో 24 గంటలుంచి మళ్లీ వేడిచేసినదాంట్లో 1.65 గ్రాములైంది. రెట్టింపు దాటిన మాట నిజమే. అయినా వందలో రెండు గ్రాములు కూడా లేదు. దీన్ని చూపించి, షుగర్ ఉన్నవాళ్లు సద్ది ఎంతైనా తినొచ్చని వాట్సాప్‌లో తిప్పేవాళ్లను నమ్మొద్దు.

బిరుసుతో ప్రమాదం లేదు, భయపడాల్సింది బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియాకు. బియ్యంతో పాటు వచ్చే దీని సిద్ధబీజాలు ఉడికినా చావవు. 1970ల్లో బ్రిటన్‌లోని చైనా హోటళ్లలో, రాత్రంతా బయట ఉంచిన అన్నాన్ని వేయించి వడ్డిస్తే జనం వాంతులతో పడిపోయింది దీనివల్లే. ఇది వదిలే విషాల్లో ఒకటి 121 డిగ్రీల్లో గంటన్నర కాగినా చెక్కుచెదరదు. పొద్దున బాగా వేయించినా, నిమ్మకాయ పిండినా రాత్రి పుట్టిన విషం పోదు. మదనపల్లె వైపు రాత్రుళ్లు చల్లగా ఉంటాయన్న ధీమా కూడా కూడదు, ఆ చలి దానికో లెక్క కాదు. వండిన రెండు గంటల్లోపు మిగిలినవి ఫ్రిజ్‌లో చేరాలి.

ఫ్రిజ్ లేకపోతే, మధ్యాహ్నంలోపు మిగిలినవాటికి ఎండ ఉంది. మిద్దె మీద గుడ్డ పరిచి పలచగా ఆరేస్తే శావిగల వడియాలే. ముందే ఉడికిన స్టార్చ్ ఎండితే గాజులా బిగుస్తుంది. కాగిన నూనెలో పడగానే అది మళ్లీ మెత్తబడి సాగుతుంది, లోపల మిగిలిన కొద్దిపాటి తేమ ఆవిరై దాన్ని ఉబ్బిస్తుంది. 1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో ఇన్‌స్టంట్ నూడుల్స్ చేసినప్పుడు నమ్ముకున్నదీ నూనెనే. ఉడికించిన నూడుల్స్‌ను అందులో వేయిస్తే నీరు ఆవిరై సన్నటి రంధ్రాలు మిగిలాయి, వేడినీళ్లు ఆ దారినే లోపలికి దూరతాయి. వడియాలకు పోగులు కుప్పలుగా వేస్తే మాత్రం పైన పెళుసు, లోపల పచ్చి. అలాంటివి వేగవు, నూనె పీలుస్తాయి. మబ్బు పట్టిన రోజు ఆరేయనే వద్దు, సాయంత్రానికి బూజు వాసన మొదలవుతుంది.