లాల్‌దర్వాజా బొంత, లండను బొంత

లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి గుడి చుట్టుపట్ల సందులలో, ఎండ కాచిన ఉదయమున పిట్టగోడలపై ఆరవేసిన బొంతలను తేరిపాఱ జూచినవారికి, పాతబస్తీలో ఎన్ని తీరుల జనులు ఇరుగుపొరుగులై బ్రతుకుచున్నారో వేఱొకరు చెప్పవలసిన పని యుండదు: అమ్మమ్మ కట్టి విడిచిన నూలుచీర, దర్జీ కొట్టున మిగిలిన షేర్వాణీ లోగుడ్డ, గళ్ళ లుంగీ, అన్నియు ఒకే దారపు నడకకు లోబడి యుండును.

ఈ అతుకులపనికి సీమలో గొప్ప పేరు తెచ్చినవాడు కేఫ్ ఫాసెట్. 1937లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జన్మించి, చిత్రకారుడుగా 1964లో ఇంగ్లండు చేరిన యీయన, స్కాట్లండులోని ఒక మిల్లులో ఉన్నిదారముల రంగులకు మోహపడి, ఇరువది రంగులు కొని, తిరుగు రైలులోనే తోటి ప్రయాణికురాలి వద్ద అల్లిక నేర్చుకొనెనట! అల్లికబట్టల రూపకర్తగా పేరొంది, 1988లో లండను విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియమున తన పనులను ప్రదర్శించిన పిదపనే ఆయన దృష్టి బొంతలపై నిలిచినది. చీనా పింగాణీ పాత్రలు, తివాసీలు, పాతకాలపు బొంతలు, ఏ దేశపు వస్తువైనను ఆయనకు రంగుల పాఠమే. ఆయన వాడు నూలుబట్టలలో కొన్ని మన దేశమున నేసినవి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు కాగా, మడత మారినకొలది వన్నె మారునట్టివి. నెమలికంఠపు చీర కట్టిన మన ఆడువారికి ఇది క్రొత్త వింత కాదు.

నిజమునకు మన బట్టలకు ఐరోపాతో ఈ రాకపోకలు మూడు నాలుగు వందల యేండ్లనాటివి. గోల్కొండ రాజ్యమునకు రేవుగా నుండిన మచిలీపట్నమునుండి పదునేడవ శతాబ్దమున ఓడలకెక్కిన అద్దకపు బట్టలపై ఐరోపా ఇల్లాండ్రకు ఎంత మక్కువ పుట్టెననగా, తమ నేతగాండ్ర మొఱ ఆలకించి ఫ్రాన్సు 1686లో దిగుమతిని, ఇంగ్లండు 1721లో వాడుకనే నిషేధింపవలసి వచ్చినది. అయినను చినిగిన అద్దకపు గుడ్డనైన పాఱవేయుటకు వారికి మనసొప్పలేదు. అందలి పూలను, పక్షులను కత్తిరించి తెల్లగుడ్డపై కుట్టి బొంతలు చేసికొనిరి. అట్టివి నేడు మ్యూజియములలో అద్దాల వెనుక నున్నవి. మన బొంతలు మాత్రము చినుగువఱకు కప్పుకొనబడి, పిదప కాలితుడుపు పట్టాలగును. వానికి దక్కిన మర్యాద అంతియే. ఇది నాకు న్యాయముగా తోచదు.

బొంతకును రజాయికిని భేదమున్నది. రజాయిలో దూదేకులవారు ఏకిన దూది నింపుదురు. బొంతలో దూదియే యుండదు, పాతచీరలు పొరపొరలుగా పఱచి దూరదూరపు కుట్టుతో బిగింతురు. ఎన్నియో యుదుకులకు మెత్తబడిన నూలు మాత్రమే దీనికి తగును. ఇప్పటి పాలియెస్టరు చీరలు పొరల నడుమ జాఱును, చెమట పీల్చవు. అందుచే బొంత కుట్టబూనిన ఇల్లాలు ముందుగా ఇరుగుపొరుగు పెట్టెలలో పాత నూలుచీర యొకటి యున్నదాయని విచారింపవలసి వచ్చుచున్నది.