ట్రిగ్గర్ గట్టిగా ఉందని అరగదీస్తున్నారా? చౌక ఎయిర్ రైఫిల్‌లో అసలు ముప్పు అక్కడే!

తక్కువ ధరకు దొరికే విదేశీ ఎయిర్ రైఫిళ్లపై కొన్నవాళ్లు ఎక్కువగా చెప్పే కంప్లైంట్ ఒక్కటే. ట్రిగ్గర్ బాగోలేదు. లాగితే గట్టిగా ఉంటుంది, జారుతూ జారుతూ వస్తుంది, ఎప్పుడు పేలుతుందో అంచనా దొరకదు. ఈలోగా గురి తప్పుతుంది. దాంతో చాలామంది ఏదో ఒక వీడియో చూసి స్క్రూడ్రైవర్, ఆకురాయి పట్టుకుని ఇంట్లోనే రిపేర్‌కు కూర్చుంటారు. ఇది చాలా డేంజర్. ఎందుకో తెలియాలంటే ముందు రైఫిల్ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

లోపల ఏముంటుంది?

చౌక రైఫిళ్లలో ఎక్కువ శాతం స్ప్రింగ్‌తో పనిచేసేవే. బారెల్ వంచినప్పుడు, లేదా పక్కనో కిందో ఉన్న లివర్ లాగినప్పుడు, లోపలి పిస్టన్ వెనక్కి వెళ్లి బలమైన స్ప్రింగ్‌ను నొక్కుతుంది. అలా వెనక్కి వెళ్లిన పిస్టన్‌ను ఒక చిన్న ఇనుప కొక్కెం పట్టి ఆపుతుంది. దీన్నే సియర్ అంటారు. ట్రిగ్గర్ లాగితే కొక్కెం జారుతుంది, పిస్టన్ ముందుకు దూసుకెళ్తుంది, ఆ గాలి ఒత్తిడికి పెల్లెట్ బయటికొస్తుంది.

అంటే పదుల కిలోల స్ప్రింగ్ బలాన్ని ఆపుతున్నది ఆ కొక్కెం అంచు మాత్రమే.

చౌక రైఫిల్‌లో తేడా ఎక్కడ?

మంచి రైఫిళ్లలో ఈ బరువును రెండు మూడు లివర్లు పంచుకుంటాయి. జర్మనీ కంపెనీ వైరాఖ్ 1950ల నుంచి వాడుతున్న రెకార్డ్ ట్రిగ్గర్ ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. స్ప్రింగ్ బలం దశలవారీగా తగ్గి వేలి దగ్గరికి కొంచెమే చేరుతుంది. అందుకే తేలిగ్గా లాగొచ్చు, కొక్కెం పట్టు కూడా సడలదు.

చైనాలో తయారై చాలా దేశాలకు వెళ్లిన బి2, బి3 లాంటి పాత చౌక మోడళ్లలో ఇంత ఏర్పాటు లేదు. ఒకే కొక్కెం నేరుగా పిస్టన్‌ను పట్టుకుంటుంది. అది జారిపోకుండా ఉండాలంటే పట్టు లోతుగా ఉండాలి. లోతుగా ఉంటే ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది, ఎక్కువ దూరం లాగాల్సి వస్తుంది. దీనికి తోడు అంచులు సరిగా నున్నగా చేయకపోయినా, ఇనుముకు సరైన గట్టిదనం ఇవ్వకపోయినా ఒక్కో రైఫిల్ ఒక్కోలా పనిచేస్తుంది.

మరో మాటలో చెప్పాలంటే, చిరాకు పెట్టే ఆ గట్టిదనమే చౌక రైఫిల్‌కు ఉన్న రక్షణ.

ఒలింపిక్ రైఫిల్‌తో పోలిక వద్దు

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు కేవలం అర మిల్లీమీటర్. అక్కడ ట్రిగ్గర్ తాకితే చాలన్నంత తేలిగ్గా ఉంటుంది. అయితే ఆ రైఫిళ్లలో పెద్ద స్ప్రింగ్ ఉండదు. ముందే నింపిన కంప్రెస్డ్ గాలితో పనిచేస్తాయి. ట్రిగ్గర్ ఆపాల్సింది ఒక చిన్న సుత్తిని మాత్రమే. ఆ తేలికదనం స్ప్రింగ్ రైఫిల్‌లో కావాలనుకుంటే కుదరదు.

అరగదీస్తే ఏమవుతుంది?

కొక్కెం అంచును ఆకురాయితో రుద్దితే ట్రిగ్గర్ తేలికవుతుంది, నిజమే. కానీ పట్టు తగ్గిపోతుంది. పైన గట్టి పొర ఉంటే అది కూడా పోతుంది. లోపలి మెత్తని ఇనుము ప్రతి షాట్‌కూ అరుగుతూ వస్తుంది. మొదటి రోజు బాగానే పనిచేసిన రైఫిల్, కొన్నాళ్లకు కింద పెట్టిన కుదుపుకే పేలిపోవచ్చు.

ఇంకా పెద్ద ప్రమాదం పెల్లెట్ పెట్టేటప్పుడు. బారెల్ వంచి ఉన్నప్పుడు కొక్కెం జారితే బారెల్ ఒక్కసారిగా పైకి ఎగిరి కొడుతుంది. లివర్ మోడళ్లలో అయితే పెల్లెట్ పెట్టే చోట గాలి గొట్టం కత్తెరలా మూసుకుంటుంది. వేలు అక్కడ ఉంటే నుజ్జవుతుంది, తెగిపోయినా ఆశ్చర్యం లేదు.

సేఫ్టీ ఉందిగా అంటారా? చాలా చౌక మోడళ్లలో సేఫ్టీ ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, కొక్కేన్ని కాదు. కొక్కెం దానంతట అదే జారితే సేఫ్టీ ఏమీ చేయలేదు.

మరి ఏం చేయాలి?

* పెల్లెట్ పెట్టేంతసేపూ ఒక చేత్తో బారెల్‌ను లేదా లివర్‌ను గట్టిగా పట్టుకోవాలి. వదలకూడదు.
* కొత్త రైఫిల్‌లో గ్రీజు, నూనె ఎక్కువగా ఉంటే మొదట్లో పొగ, వాసన, పెద్ద శబ్దం వస్తాయి. లోపల నూనె మండటమే కారణం. గాలి గొట్టంలో అదనంగా నూనె పోయకూడదు.
* పెల్లెట్ లేకుండా పేల్చకూడదు. పిస్టన్ నేరుగా గోడకు గుద్దుకుని సీల్, స్ప్రింగ్ దెబ్బతింటాయి.
* ట్రిగ్గర్ లాగకుండానే ఒక్కసారి పేలినా వాడటం ఆపేయాలి. అనుభవమున్న గన్‌స్మిత్‌కు చూపించాలి.
* కొనేముందు స్పేర్ పార్టులు, సర్వీస్ దొరుకుతాయా అని అడగాలి. రేటు కంటే ఇది ముఖ్యం.
* కళ్లద్దాలు తప్పనిసరి. లోడ్ చేసిన రైఫిల్‌ను గోడకు ఆనించి వెళ్లొద్దు.

లైసెన్స్ లేదంటే బొమ్మ అని కాదు

మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోర్, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. పవర్ కోసం ఇంకా బలమైన స్ప్రింగ్ వేయిస్తే ఈ హద్దు దాటే అవకాశం ఉంది. కొక్కెంపై భారం కూడా పెరుగుతుంది. ఇక పిట్టలపై గురి పెట్టడం సరదా కాదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద కేసు అవుతుంది.

ట్రిగ్గర్ గట్టిగా ఉన్న రైఫిల్‌తో స్కోరు తగ్గుతుంది, అంతే. అరగదీసిన రైఫిల్‌తో మాత్రం వేళ్లు, కళ్లు పోయే ప్రమాదం ఉంది. డబ్బులు కొంచెం ఆదా అవుతాయని కొని, తర్వాత దాన్ని విప్పి బాగుచేద్దాం అనుకునే బదులు, కొన్నాళ్లు ఆగి మంచి ట్రిగ్గర్ ఉన్న రైఫిల్ తీసుకోవడమే మేలు.